గుండె జబ్బు ఉన్నవారికి రేడియేషన్: ప్లానింగ్ స్కాన్‌కు ముందే తేలాల్సిన విషయాలు

విశాఖపట్నానికి క్యాన్సర్ వైద్యం కోసం వచ్చే చాలా కుటుంబాల దగ్గర రెండు ఫైళ్లు ఉంటాయి. కొత్త ఫైలులో బయాప్సీ రిపోర్టు, స్కాన్ ఫిల్ములు ఉంటాయి. పాత ఫైలులో ఎప్పుడో గుండెపోటు వచ్చినప్పటి యాంజియోగ్రామ్ సీడీ, స్టెంట్ కార్డు, ఎకో కాగితాలు ఉంటాయి. కొత్త ఫైలు పట్టుకుని ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్‌కో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికో, ఇంకో చోటికో వెళ్తారు. పాతది శ్రీకాకుళంలోనో పార్వతీపురంలోనో పాడేరులోనో ఇంటి దగ్గరే ఉండిపోతుంది. గుండెకు ఏమైనా మందులు వాడుతున్నారా అని డాక్టరు అడిగితే "ఆ, రెండు మాత్రలు వేసుకుంటున్నారండీ" అనే జవాబు వస్తుంది. అవి ఏ మాత్రలో, స్టెంట్ వేసి ఎన్ని నెలలైందో, గుండె పంపింగ్ ఎంత ఉందో తెలియకుండానే రేడియేషన్ ప్లాన్ తయారైపోయే ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

గుండె జబ్బు ఉన్నవారికి రేడియేషన్ ఇవ్వవచ్చా? చాలా సందర్భాల్లో ఇవ్వవచ్చు. ఎలా ఇవ్వాలన్నది మాత్రం కణితి ఎక్కడుంది, గుండె పరిస్థితి ఏమిటి, పక్కన ఏ మందులు నడుస్తున్నాయి అనే మూడింటిని కలిపి చూస్తేనే తేలుతుంది. ఈ విషయంలో రెండు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. గుండె బలహీనంగా ఉంది కాబట్టి "కరెంటు" పెట్టించుకోకూడదని కుటుంబమే నిర్ణయించేసుకుని వెనక్కి వెళ్లిపోవడం ఒకటి. గుండె సంగతి తర్వాత చూసుకోవచ్చులే అని దాన్ని అసలు ప్రస్తావించకపోవడం రెండోది. మొదటి పొరపాటు ప్రాణం మీదికి త్వరగా తెస్తుంది. రెండోదాని ఫలితం కొన్నిసార్లు వారాల్లో, కొన్నిసార్లు పదేళ్లకు బయటపడుతుంది.

గుండె కండరంలోని కణాలు తరచూ విభజన చెందవు. అందుకే రేడియేషన్‌ను గుండె బాగా తట్టుకుంటుందని 1960ల దాకా వైద్యులు నమ్మారు. హాడ్జ్‌కిన్ లింఫోమాకు ఛాతీ అంతటా రేడియేషన్ తీసుకుని బతికి బయటపడిన యువతీయువకులకు తర్వాతి దశాబ్దాల్లో గుండెపోట్లు, కవాటాల జబ్బులు రావడంతో ఆ నమ్మకం పోయింది. దెబ్బ ప్రధానంగా రక్తనాళాల లోపలి పొర మీద పడుతుంది. అక్కడ వాపు మొదలై, కొవ్వు పేరుకోవడం వేగం పుంజుకుంటుంది. గుండె చుట్టూ ఉండే పొరకు నీరు పట్టడం లాంటివి నెలల్లోనే కనిపించవచ్చు. కవాటాలు గట్టిపడటం, గుండె లయ దెబ్బతినడం సాధారణంగా ఏళ్లు గడిచాక వస్తాయి. ఇప్పటికే నాళాల్లో పూడిక ఉన్న మనిషికి ఈ ప్రక్రియ సగం దారి నుంచి మొదలవుతుంది.

దీన్ని అంకెల్లో చూపించిన అధ్యయనం 2013లో వచ్చింది. స్వీడన్, డెన్మార్క్‌లలో 1958 నుంచి 2001 వరకు రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న 2,168 మంది స్త్రీల రికార్డులను అందులో పరిశీలించారు. శరీరంలోకి చేరిన రేడియేషన్‌ను గ్రే అనే కొలతతో లెక్కిస్తారు. గుండె మొత్తానికి సగటున పడిన ప్రతి ఒక్క గ్రేకీ పెద్ద గుండె సమస్య వచ్చే అవకాశం 7.4 శాతం చొప్పున పెరిగింది. ఇంతకంటే తక్కువైతే ప్రమాదం లేదు అనే హద్దేమీ కనబడలేదు. పెరుగుదల మొదటి ఐదేళ్లలోనే మొదలై ఇరవై ఏళ్లు దాటాక కూడా కొనసాగింది.

ఈ 7.4 శాతం అంకె చూసి చాలామంది భయపడతారు. అది ఉన్న ప్రమాదం మీద పెరిగే వాటా మాత్రమే. అదే అధ్యయనం ఇచ్చిన లెక్క చూస్తే విషయం స్పష్టమవుతుంది. గుండెకు సంబంధించిన ఏ ముప్పూ లేని 50 ఏళ్ల స్త్రీకి గుండె మీద సగటున 3 గ్రే పడితే, 80 ఏళ్లలోపు గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే అవకాశం 1.9 శాతం నుంచి 2.4 శాతానికి పెరుగుతుంది. అలాంటి ముప్పు ముందే ఒకటైనా ఉన్న స్త్రీకి అదే డోసు వల్ల 3.4 నుంచి 4.1 శాతానికి పెరుగుతుంది. అప్పటికే గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారికి, రేడియేషన్ లెక్కలోకి రాకముందే, పెద్ద గుండె సమస్య వచ్చే అవకాశం మిగతావారి కంటే ఆరు రెట్లకు పైగా ఉంది. ముందున్న ముప్పే అంత ఎక్కువగా ఉన్నప్పుడు దాని మీద చిన్న శాతం పెరిగినా ఎక్కువమంది మీద ప్రభావం చూపుతుంది. అందుకే గుండె రోగి విషయంలో ప్రతి ఒక్క గ్రే తగ్గించడానికి పడే శ్రమకు విలువ ఎక్కువ.

రేడియేషన్ వల్ల వచ్చే లాభాన్ని కూడా ఇదే వరుసలో చూడాలి. రొమ్ము మొత్తం తీయకుండా గడ్డ మాత్రమే తీసిన తర్వాత రేడియేషన్ ఇస్తే పదేళ్లలో క్యాన్సర్ తిరగబెట్టే అవకాశం 35 శాతం నుంచి 19.3 శాతానికి పడిపోయిందని 2011లో అనేక ట్రయల్స్‌ను కలిపి చేసిన విశ్లేషణ తేల్చింది. పదిహేనేళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు 25.2 నుంచి 21.4 శాతానికి తగ్గాయి. గుండెకు వచ్చే నష్టం అర శాతం, ఒక శాతం దగ్గర ఉంటే, క్యాన్సర్ వైపు లాభం దాదాపు నాలుగు శాతం. చాలామందికి తక్కెడ రేడియేషన్ వైపే మొగ్గుతుంది. పైగా ఆ స్వీడన్, డెన్మార్క్ స్త్రీల్లో చాలామందికి, సీటీ స్కాన్ తీసి కిరణాల దారిని ముందే లెక్కగట్టే సీటీ ప్లానింగ్ రాకముందు చికిత్స జరిగింది. వాళ్ల గుండె మీద సగటున 4.9 గ్రే, ఎడమ రొమ్ముకైతే 6.6 గ్రే పడింది. ఇప్పటి పద్ధతుల్లో జాగ్రత్తగా ప్లాన్ చేస్తే అందులో సగానికి, చాలామందికి అంతకంటే తక్కువకు తేవచ్చు.

ఎడమ రొమ్ము, ఊపిరి బిగబట్టడం

గుండె ముందు భాగంలో ఛాతీ గోడకు ఆనుకుని దిగే పెద్ద రక్తనాళాన్ని వైద్యులు ఎల్‌ఏడీ అంటారు. గుండెపోటు వచ్చిన చాలామంది రిపోర్టుల్లో కనిపించే పేరే ఇది. ఎడమ రొమ్ముకు ఇచ్చే కిరణాల అంచు సరిగ్గా ఈ నాళాన్ని ఒరుసుకుంటూ వెళ్తుంది. గుండె మొత్తం సగటు 2 గ్రే మాత్రమే ఉన్నా, ఎల్‌ఏడీ మీద పడింది అంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. ఆ నాళంలోనే స్టెంట్ ఉన్న రోగికి సగటు అంకె ఒక్కటే చూసి ఊరుకోవడం సరిపోదు. ప్లానింగ్ చేసే వైద్యులు, మెడికల్ ఫిజిసిస్టులు ఎల్‌ఏడీని విడిగా గీసి, దాని మీద పడే డోసును విడిగా చూడాలి. అలా గీయాలంటే స్టెంట్ ఎక్కడుందో వాళ్లకు ముందే తెలిసి ఉండాలి.

డోసు తగ్గించడానికి అన్నిటికన్నా సులువైన ఉపాయం ఊపిరి. గట్టిగా గాలి పీల్చి బిగబడితే ఊపిరితిత్తులు నిండి, గుండె ఛాతీ గోడ నుంచి వెనక్కి, కిందికి జరుగుతుంది. ఆ కొద్ది సెంటీమీటర్ల ఎడంలోనే కిరణాలు పెట్టి, ఊపిరి వదలగానే ఆపుతారు. సుమారు 20 సెకన్లు బిగబట్టగలిగితే చాలు, అలా కొన్నిసార్లు చేస్తారు. దీనికి ఊపిరి కదలికను గమనించే ఏర్పాటు ఉన్న లీనాక్ (రేడియేషన్ ఇచ్చే) మెషీన్ కావాలి. మీ దగ్గర ఈ పద్ధతి ఉందా అని అడగడానికి రోగులు మొహమాటపడనక్కర్లేదు.

ఇబ్బంది ఏమిటంటే, దీని అవసరం ఎక్కువగా ఉన్నవారిలోనే కొందరు ఇది చేయలేరు. పంపింగ్ తగ్గినవారికి, ఏళ్ల తరబడి చుట్ట కాల్చి ఊపిరితిత్తులు పాడైనవారికి వెల్లకిలా పడుకోగానే ఆయాసం వస్తుంది. ఇంటి దగ్గర రెండు మూడు దిండ్లు పెట్టుకుని పడుకునే మనిషిని గట్టి బల్ల మీద చదునుగా, చెయ్యి తల పైకెత్తి పడుకోబెట్టి ఊపిరి బిగబట్టమంటే కుదరదు. ఈ సంగతి ప్లానింగ్ స్కాన్ రోజున బయటపడితే ఆ రోజు వృథా. ముందే తెలిస్తే నీరు తగ్గించే మందు సర్దుబాటు చేసి, వారం రోజులు ఊపిరి అభ్యాసం చేయించి తీసుకురావచ్చు. అప్పటికీ కాకపోతే బోర్లా పడుకోబెట్టి ఇవ్వడం, గడ్డ ఉన్న చోటికే పరిమితం చేయడం, ఛాతీ ఎముక పక్కనున్న లింఫు గ్రంథులకు నిజంగా ఇవ్వాలా అని మళ్లీ ఆలోచించడం లాంటి దారులున్నాయి. ఆ గ్రంథులను కలిపితే గుండె డోసు బాగా పెరుగుతుంది.

కొందరికి రేడియేషన్ మానేయడమూ సరైన నిర్ణయమే. 65 ఏళ్లు దాటి, గడ్డ 3 సెంటీమీటర్ల లోపు ఉండి, గ్రంథులకు పాకకుండా, హార్మోన్ మాత్రలకు లొంగే రకమైతే, రేడియేషన్ లేకుండా మాత్రలతోనే ఉన్న స్త్రీలను ప్రైమ్-2 అనే ట్రయల్‌లో పదేళ్లు గమనించారు. 2023లో ఆ ఫలితాలు వచ్చాయి. అదే రొమ్ములో క్యాన్సర్ తిరగబెట్టడం 9.5 శాతం మందిలో కనిపించింది. రేడియేషన్ తీసుకున్నవారిలో అది 0.9 శాతమే. బతికి ఉన్నవారి శాతం మాత్రం రెండు వర్గాల్లోనూ 81 దగ్గరే ఉంది. గుండె పంపింగ్ బాగా తగ్గిన 70 ఏళ్ల స్త్రీకి ఈ సమాచారం చెప్పి, ఆమె ఇష్టాన్ని కనుక్కోవడం వైద్యుల బాధ్యత. కానీ హార్మోన్ మాత్ర ఐదేళ్లు క్రమం తప్పకుండా వేసుకోగలిగితేనే ఈ దారి. మధ్యలో మానేసేవారికి ఇది వర్తించదు.

ఇచ్ఛాపురం నుంచో సీతంపేట కొండల నుంచో వచ్చేవారికి కోర్సు ఎన్ని రోజులన్నది పెద్ద విషయం. ఐదు వారాల బదులు మూడు వారాల్లో ముగించడం ఇప్పుడు మామూలైంది. ఐదు సిట్టింగుల్లో 26 గ్రే ఇచ్చి వారంలో ముగించే పద్ధతి బ్రిటన్‌లో 2020లో వెలువడిన ట్రయల్‌తో ముందుకొచ్చింది. రోజులు తగ్గితే ప్రయాణాల బడలిక, మందులు తప్పిపోయే రోజులు తగ్గుతాయి. గుండెను కిరణాల దారి నుంచి తప్పించే పని మాత్రం ఎన్ని రోజుల కోర్సైనా చేయాల్సిందే.

ఛాతీ లోపలి కణితులు

ఊపిరితిత్తుల, అన్నవాహిక క్యాన్సర్లలో గుండె డోసు ప్రభావం ఇరవై ఏళ్లకు కాదు, రెండు మూడేళ్లలోనే తెలుస్తుంది. మూడో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు 60 గ్రే ఇవ్వాలా 74 గ్రే ఇవ్వాలా అని అమెరికాలో పోల్చి చూశారు. ఎక్కువ డోసు తీసుకున్నవారు ఎక్కువకాలం బతుకుతారని ఆశించారు. 2015లో ఫలితాలు వచ్చేసరికి 60 గ్రే వర్గంలో సగం మంది 28.7 నెలలు దాటి బతికితే, 74 గ్రే వర్గంలో ఆ అంకె 20.3 నెలలే. గుండె మీద పడిన డోసు ఎక్కువైన కొద్దీ బతికే అవకాశం తగ్గినట్టు ఆ లెక్కల్లో కనబడింది. ముందే గుండె జబ్బు ఉన్నవారిలో ఇది మరీ ముఖ్యం.

అన్నవాహిక గుండెకు వెనకే, ఆనుకుని ఉంటుంది. ఎంత జాగ్రత్త పడినా గుండెలో కొంత భాగం తప్పించుకోలేదు. అన్నవాహిక కింది భాగంలో, జీర్ణాశయం కలిసే చోట గ్రంథి కణాల్లో పుట్టే అడినోకార్సినోమా రకానికి ఆపరేషన్‌కు ముందూ తర్వాతా కీమో ఇవ్వడం రేడియేషన్ కలిపిన పద్ధతి కంటే మెరుగని ఇటీవలి జర్మన్ ట్రయల్ చూపింది. కాబట్టి గుండె రోగికి అక్కడ రేడియేషన్ లేని దారి కూడా ఉంది, ఆ కీమోనూ ఆపరేషన్‌నూ గుండె తట్టుకునేలా ఉంటే. అన్నవాహిక లోపలి పొర కణాల్లో పుట్టే స్క్వామస్ రకానికి మాత్రం రేడియేషన్ ప్రాధాన్యం అలాగే ఉంది.

దీనికి పూర్తి భిన్నమైన సందర్భం ఒకటుంది. ఊపిరితిత్తిలో తొలి దశ చిన్న గడ్డ ఉండి, గుండె బలహీనత వల్ల మత్తు డాక్టరు ఆపరేషన్ వద్దన్నప్పుడు, రేడియేషనే ఆ రోగిని కాపాడే చికిత్స అవుతుంది. సన్నని కిరణాలను అనేక కోణాల నుంచి గడ్డ మీదికి గురిపెట్టి మూడు నుంచి ఐదు సిట్టింగుల్లో పూర్తిచేసే ఎస్‌బీఆర్‌టీ పద్ధతిలో, పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి ఆ గడ్డ మళ్లీ పెరగదు. "గుండె జబ్బు ఉంది, ఆపరేషన్ కుదరదు" అనే మాట విని ఇంటికి వెళ్లిపోయేవారికి ఈ సంగతి చేరాలి.

నోరు, గొంతు: ఉత్తరాంధ్ర ప్రత్యేక సమస్య

చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు విశాఖ, శ్రీకాకుళం తీర గ్రామాల్లో తరతరాలుగా ఉంది. స్త్రీలలో ఎక్కువ. దాని వల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి ఇక్కడి వైద్యులు, విదేశీ పరిశోధకులు 1970ల నాటికే రాశారు. అదే పొగాకు గుండె నాళాలనూ పాడుచేస్తుంది. అందువల్ల నోటి క్యాన్సర్‌తో వచ్చిన మనిషికి గుండె జబ్బు కూడా ఉండటం యాదృచ్ఛికం కాదు. ఇద్దరు నేరస్థులు లేరు, ఒక్కరే ఉన్నారు.

నోటికీ గొంతుకూ ఇచ్చే కిరణాలు గుండె దాకా రావు. అయినా గుండె రోగికి ఆరేడు వారాల ఈ కోర్సు అన్నిటికన్నా కష్టమైనది కావచ్చు. రేడియేషన్‌తో పాటు ఇచ్చే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కిడ్నీలను దెబ్బతీయకుండా ఉండాలంటే లీటర్ల కొద్దీ సెలైన్ ఎక్కించాలి. పంపింగ్ తగ్గిన గుండె ఆ నీటిని మోయలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి అర్ధరాత్రి ఆయాసం వస్తుంది. ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చినవారిలో కిడ్నీలే ముందు దెబ్బతిని ఉండవచ్చు, అప్పుడు సిస్‌ప్లాటిన్ ప్రసక్తే ఉండదు. ఇలాంటివారికి ఏం చేయాలన్న ప్రశ్నకు మన దేశం నుంచే ఒక జవాబు వచ్చింది. ముంబై టాటా మెమోరియల్ వైద్యులు సిస్‌ప్లాటిన్ ఇవ్వలేని రోగులకు వారానికొకసారి తక్కువ మోతాదులో డోసిటాక్సెల్ అనే మరో కీమో మందు ఇచ్చి చూస్తే, రెండేళ్లకు బతికి ఉన్నవారు 41.7 శాతం నుంచి 50.8 శాతానికి పెరిగారు. 2023లో ప్రచురితమైన ఈ ట్రయల్‌లో పోలిక రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారితో.

మూడో వారం నుంచి నోరు పూస్తుంది. అన్నం దిగదు, నీళ్లు కూడా మంటే. ఇక్కడ గుండె మందుల వల్ల వచ్చే చిక్కులు వరసగా మొదలవుతాయి, వీటి మీద రోగులకు ముందుగా చెప్పేవారు తక్కువ. నీళ్లు తాగలేని మనిషి పాత అలవాటు ప్రకారం నీరు తగ్గించే మాత్ర, బీపీ మాత్ర వేసుకుంటూనే ఉంటే బీపీ పడిపోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ఆ మాత్రల మోతాదు ఆ వారాల్లో తగ్గించాల్సి రావచ్చు. ఇంకోవైపు, మింగలేక అన్ని మాత్రలూ మానేస్తే స్టెంట్ ఉన్నవారికి అది పూడుకుపోయే ప్రమాదం. రక్తం పలచబరిచే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఏ రోజూ తప్పకూడదు. ముక్కులో గొట్టం వేశాక మాత్రలు నూరి పోస్తుంటారు. నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్రలను, ఉదాహరణకు చాలామంది వాడే మెటోప్రొలాల్ ఎక్స్‌ఎల్‌ను, అలా నూరకూడదు. మొత్తం మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగి గుండె వేగం పడిపోతుంది. వాటి బదులు మామూలు రకం రాయించుకోవాలి.

నోట్లో తెల్లటి పూత వస్తే ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందు ఇస్తారు. కృత్రిమ కవాటం ఉండి, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లేదా అసిట్రోమ్ వాడేవారికి ఈ మందు తోడైతే రక్తం మరీ పలచబడి, లోపల రక్తస్రావం దాకా పోవచ్చు. రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష కొద్ది రోజుల్లోనే మళ్లీ చేయించాలి. తిండి తగ్గినా ఐఎన్‌ఆర్ మారిపోతుంది. కాబట్టి ఆ ఆరేడు వారాలూ నెలకొకసారి పరీక్ష అనే అలవాటు చాలదు, వారానికొకసారి చూడాలి. ఇవేవీ ఖరీదైన జాగ్రత్తలు కావు. మందుల చీటీ మొత్తం ఒకే డాక్టరు కంటపడితే చాలు.

మెడకు రేడియేషన్ పడినవారిలో మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ నాళాలు కొన్నేళ్లకు సన్నబడవచ్చు, పక్షవాతానికి అదొక కారణం. కొలెస్ట్రాల్ మందు కొనసాగించడం, అవసరమైతే మెడ డాప్లర్ స్కాన్ చేయించడం తర్వాతి ఏళ్ల పని. చుట్ట మానడం మాత్రం మొదటి రోజు పని.

గుండెకు దూరంగా ఉన్నా

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో కిరణాలు పొత్తికడుపుకే పరిమితం. అక్కడ సమస్య లోపలి రేడియేషన్, అంటే బ్రాకీథెరపీ దగ్గర వస్తుంది. బ్రాకీథెరపీ పరికరం అమర్చడానికి తరచూ వెన్నులో మత్తు ఇస్తారు. దానికి క్లోపిడోగ్రెల్ లాంటివి ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపాలి. స్టెంట్ వేసి కొద్ది వారాలే అయితే అలా ఆపడం ప్రమాదం. ఇలాంటప్పుడు వేరే రకం మత్తుతో చేయడం మీద మత్తు డాక్టరు, గుండె డాక్టరు కలిసి నిర్ణయించాలి. మొత్తం చికిత్స ఎనిమిది వారాల్లో పూర్తి కావాలి, ఆలస్యమైన కొద్దీ క్యాన్సర్ అదుపులోకి వచ్చే అవకాశం తగ్గుతుంది కాబట్టి ఈ మాటలు మొదటి వారంలోనే జరగాలి. రక్తస్రావం వల్ల హిమోగ్లోబిన్ బాగా పడిపోయిన స్త్రీకి గుండె నొప్పి రావచ్చు, రక్తం ఎక్కించాకే ముందుకు వెళ్లాలి.

పెద్దపేగు చివరి భాగంలోని క్యాన్సర్‌కు రేడియేషన్‌తో కలిపి కేపిసైటబిన్ మాత్రలు ఇస్తారు. ఈ మందు గుండె నాళాలను బిగుసుకుపోయేలా చేయగలదు. మొదలుపెట్టిన కొద్ది రోజుల్లో ఛాతీలో నొప్పి వస్తే మాత్ర ఆపి వెంటనే ఈసీజీ తీయించాలి. గుండెపోటు చరిత్ర ఉన్నవారికి ఈ మందు జత లేకుండా ఐదు రోజుల చిన్న కోర్సు రేడియేషన్ ఒక మంచి ప్రత్యామ్నాయం. ప్రొస్టేట్ విషయంలోనూ కిరణాల వల్ల గుండెకు ఇబ్బంది లేదు. జతగా ఇచ్చే హార్మోన్ ఇంజెక్షన్లు షుగర్, కొలెస్ట్రాల్ పెంచుతాయి, వాటి మీద కన్నేసి ఉంచాలి.

పేస్‌మేకర్ ఉన్నవారి భయం వేరు. కిరణాలు నేరుగా పరికరం మీద పడకుండా చూడటం మొదటి నియమం. పరికరానికి చేరే మొత్తం డోసు 2 గ్రే లోపు ఉంచడం పాతకాలం నుంచి వస్తున్న జాగ్రత్త. ఇప్పటి మార్గదర్శకాలు 5 గ్రే దాటితే ఎక్కువ ప్రమాదమున్న వర్గంలో చేరుస్తాయి. 10 ఎంవీ (మెగావోల్టులు) కంటే శక్తిమంతమైన ఎక్స్‌రే కిరణాలు న్యూట్రాన్లను పుట్టించి పరికరంలోని చిప్‌ను గందరగోళం చేయగలవు. అందుకే లోతైన కణితి అయినా 6 ఎంవీతో ప్లాన్ చేయడం మేలు. గుండె లయ తప్పినప్పుడు షాక్ ఇచ్చే ఐసీడీ పరికరం అయితే సిట్టింగు సమయంలో ఆ షాక్ విధానాన్ని తాత్కాలికంగా ఆపి, ఈసీజీ మానిటర్ పెట్టి, అయిపోగానే మళ్లీ ఆన్ చేయాలి. పరికరం ఏ కంపెనీదో, ఏ మోడలో, రోగి గుండె పూర్తిగా దాని మీదే ఆధారపడి కొట్టుకుంటోందా అన్నది పేస్‌మేకర్ కార్డులో, పాత ఫైలులో ఉంటుంది.

ముందు స్టెంటా, ముందు రేడియేషనా

క్యాన్సర్ చికిత్సకు ముందు గుండె పరీక్షకు పంపితే, ఒక్కోసారి యాంజియోగ్రామ్‌లో పాత పూడిక కనబడుతుంది. ముందు స్టెంట్ వేయించుకుని తర్వాత రేడియేషన్‌కు వెళ్లమని సలహా వస్తుంది. గుండెపోటు నడుస్తున్నప్పుడు, లేదా కొద్దిపాటి నడకకే నొప్పి వస్తున్నప్పుడు అది సరైన సలహా. మందులతో నిలకడగా ఉన్న మనిషి విషయంలో తొందరపడకూడదు. 5,179 మంది మీద జరిగి 2020లో వెలువడిన ఇస్కీమియా ట్రయల్‌లో, నిలకడగా ఉన్న రోగులకు మందులతో పాటు స్టెంట్ లేదా బైపాస్ చేసినంత మాత్రాన మరణాలు గానీ గుండెపోట్లు గానీ చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. స్టెంట్ వేస్తే మాత్రం నెలల తరబడి రెండు రకాల రక్తం పలచబరిచే మందులు తప్పనిసరి అవుతాయి. ఆ నెలల్లో బయాప్సీ, ఆపరేషన్, బ్రాకీథెరపీ అన్నీ కష్టమవుతాయి. ఈలోగా క్యాన్సర్ ఆగి ఉండదు. ఒకవేళ స్టెంట్ తప్పదనుకుంటే, ఈ మనిషికి క్యాన్సర్ చికిత్స మొదలవ్వాలి అని కార్డియాలజిస్టుకు తెలియాలి. అప్పుడు మందులు తక్కువ కాలం వాడితే సరిపోయే స్టెంట్‌ను ఆయన ఎంచుకోవచ్చు.

కోర్సు మధ్యలో ఛాతీ నొప్పి, కొత్తగా ఆయాసం, కళ్లు తిరగడం వస్తే సిట్టింగు తప్పిపోతుందని చెప్పకుండా దాచేవారున్నారు. చెప్పాలి. తప్పిన రోజును వారాంతంలోనో, రోజుకు రెండుసార్లు ఇచ్చో సర్దవచ్చు. తనంతట తానే కోర్సు మానేసి ఊరికి వెళ్లిపోయినవారికి మాత్రం ఆ సర్దుబాటు చేసే వీలుండదు.

విశాఖలో క్యాన్సర్, గుండె వైద్యాలు రెండూ ఉన్నా, చాలాసార్లు ఊరికి ఆ చివరన ఒకటి, ఈ చివరన ఒకటి ఉంటాయి. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో రెండిటికీ ప్యాకేజీలున్నాయి. ఒక ఆస్పత్రి కాగితాలు ఇంకో ఆస్పత్రికి చేర్చే పని ఇప్పటికీ కుటుంబమే చేస్తోంది. గుండె పరీక్షకు పంపేటప్పుడు "ఫిట్‌నెస్ కావాలి" అని ఒక్క ముక్క రాసి పంపడం, అటు నుంచి "ఫిట్" అని ఒక్క ముక్క రావడం వల్ల ఉపయోగం తక్కువ. ఎక్కడ, ఎన్ని వారాలు, ఏ కీమోతో రేడియేషన్ ఇవ్వబోతున్నారు, ఎంత సెలైన్ ఎక్కించాల్సి వస్తుంది, మధ్యలో మత్తు అవసరమా అన్నది చీటీలో ఉంటే, గుండె డాక్టరు దానికి తగ్గ జవాబు రాయగలరు.

చికిత్స ముగిశాక ఇచ్చే డిశ్చార్జి కాగితంలో కణితికి ఎంత డోసు ఇచ్చారో ఉంటుంది. గుండెకు సగటున ఎంత పడిందో కూడా రాయించుకోవాలి, ప్లానింగ్ కంప్యూటర్‌లో ఆ అంకె ఉంటుంది. క్యాన్సర్ రోగుల గుండె సంరక్షణ మీద 2022లో వచ్చిన ఐరోపా కార్డియో-ఆంకాలజీ మార్గదర్శకాలు 5 గ్రే లోపును తక్కువ ముప్పుగా, 25 గ్రే పైన చాలా ఎక్కువ ముప్పుగా లెక్కిస్తాయి. 15 గ్రే దాటినవారికి లక్షణాలు లేకపోయినా ఐదేళ్ల తర్వాత నుంచి 5 నుంచి 10 ఏళ్లకోసారి గుండె నాళాల పరీక్ష గురించి ఆలోచించమంటాయి. ఎప్పుడైనా బైపాస్ అవసరమైతే ఈ కాగితం సర్జన్‌కు నేరుగా పనికొస్తుంది. బైపాస్‌లో సాధారణంగా వాడే రక్తనాళం ఎడమ ఛాతీ గోడ లోపలి నుంచే తీస్తారు. ఆ నాళం కూడా రేడియేషన్ దారిలో ఉండి ఉంటే అది బాగుందో దెబ్బతిందో ముందే స్కాన్ చేసి చూసుకోవాలి. కిరణాలు పడిన చోట ఛాతీ ఎముక కోత మానడం కూడా ఆలస్యం కావచ్చు. పదేళ్ల కిందటి రేడియేషన్ సంగతి ఆపరేషన్ థియేటర్‌లో కాకుండా మొదటి ఓపీ రోజునే సర్జన్‌కు తెలియాలి.